ఆపే ముందు ఒక్క నిమిషం

మొన్న బెజవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ మేస్త్రీ గారి పెద్దకర్మకి వెళ్లాం. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో షామియానా వేసి భోజనాలు పెట్టారు. చెయ్యి కడుక్కుని షెడ్డు పక్కగా వస్తుంటే ఒక వాసన తగిలింది. కాలిన ఇనుము మీద పడి మాడుతున్న ఇంజనాయిలు వాసన. ఎవరో హైవే మీంచి తిన్నగా వచ్చి కొత్త బండి ఆపి దిగారు. బానెట్ సందులోంచి సన్నగా ఆవిరి. డిక్కీ మీద 'టర్బో' అని తళతళలాడే అక్షరాలు.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని అదిమి తోసే యంత్రం. ఇప్పుడు పది లక్షల బండికి కూడా పెట్రోల్ టర్బో వస్తోంది. దాన్ని ఎవరూ ఆగి చూడరు. మేం కొన్న రోజుల్లో డీజిలు బళ్లకే టర్బో. పెట్రోల్ టర్బో అంటే ఊరు మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ వాసన పీల్చాక ఇంటికొచ్చి అటక మీద వెతకడం మొదలుపెట్టాను. దేనికోసమో చివర్లో చెబుతాను.

*

మాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల ఇంజను, సిలిండరుకి అయిదు వాల్వుల చొప్పున మొత్తం ఇరవై. 150 హార్స్‌పవర్. 1,750 ఆర్‌పీఎం దగ్గరే 210 న్యూటన్ మీటర్ల టార్కు అందేది. యూరప్‌లో అదే పేరుతో అమ్మిన బండికి 180 ఉండేది, మనకి 150 ఇచ్చారు. చెక్ దేశం నుంచి విడిభాగాల కిట్లుగా వస్తే ఔరంగాబాద్ ఫ్యాక్టరీలో బిగించేవారు. అంటే పూర్తి ఇంపోర్టెడ్ అనడానికి లేదు. పటమట వీధిలో మాత్రం అది ఫారిన్ కారే.

అసలు సిసలు ఇంపోర్టెడ్ బండి మనబోటి వాళ్లకి అందేది కాదు. కొత్త దాని మీద సుంకాలన్నీ కలిపితే బండి ధర దాటిపోయేవి. పాతది తెచ్చుకోవాలంటే తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబై పోర్టులోనే దిగాలి. గల్ఫ్‌లో స్టీరింగు ఎడమవైపు. దుబాయ్‌లో పదేళ్లు కష్టపడి మంచి స్పోర్ట్స్ కారు నడిపిన మనవాళ్లు కూడా దాన్ని అక్కడే అమ్మేసి ఉత్త చేతులతో గన్నవరంలో దిగింది అందుకే. అందుకే కుర్రాళ్ల కళ్లన్నీ ఈ ఆర్‌ఎస్ మీద పడ్డాయి. షోరూంలో కొన్నవాళ్లు డాక్టర్లు, కాంట్రాక్టర్లు. వాళ్లు అయిదారేళ్లు తిప్పి వదిలేసినవి మా బోటి వాళ్ల దాకా వచ్చాయి.

అన్నయ్యా నేనూ కలిసి కొన్నాం. ధర నాలుగున్నర లక్షలు. రెండు లక్షల చీటీ ఒకటి నడుస్తోంది, దాన్ని యాభై వేలు తగ్గించి పాడుకుంటే చేతికి లక్షన్నర వచ్చింది. మిగతా మూడు లక్షలు ఫైనాన్సు. పద్నాలుగు శాతం వడ్డీ, ముప్పై ఆరు నెలలు, నెలకి పదివేల రెండొందల యాభై చిల్లర. పాడుకున్న చీటీకి వాయిదాలు ఆగవు, అవి వేరే. ఇద్దరి జీతాల్లో ఇంటికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలింది ఈ రెండిటికీ సరిగ్గా సరిపోయేది. పెట్రోలు సంగతి అప్పుడు ఆలోచించలేదు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేశాక ఆలోచించక తప్పలేదు. ఊళ్లో లీటరుకి ఎనిమిది, హైవే మీద నెమ్మదిగా పోతే పన్నెండు.

కొనే ధర ఒకటి, ఉంచుకునే ధర ఒకటి. రెండోది ఏ బ్రోకరూ చెప్పడు. మేస్త్రీ గారు చెప్పారు. "నాలుగున్నర పెట్టి కొంటారు సరే, ఇంకో డెబ్భై వేలు పక్కన పెట్టుకోండ్రా. ఆర్నెల్ల లోపు అది అడుగుద్ది." నాన్నగారి లారీ ఆయన షెడ్డులోనే బాగుపడేది, మమ్మల్ని నిక్కర్లప్పటి నుంచి చూసినాయన. వాల్వుల్నీ పిస్టన్లనీ ఒకే తాళంలో నడిపే టైమింగ్ బెల్టు, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు, ఈ మూడూ ఒకేసారి మార్చాలి. పంపు పాతది ఉంచి బెల్టు ఒక్కటే వేస్తే, రేపు పంపు బేరింగు పట్టేసినప్పుడు కొత్త బెల్టే తెగుతుంది. ఆ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, ఇరవై వాల్వుల్లో ఎన్ని వంగాయో హెడ్డు దించితే గాని తెలీదు. బెల్టు మార్చిన బిల్లు లేని బండి అంటే బెల్టు మార్చని బండే.

*

బండి హైదరాబాద్‌లో ఉంది. రాత్రి బస్సెక్కి మేస్త్రీ గారిని కూడా తీసుకెళ్లాం. పొద్దున్నే వెళ్లేసరికి అమ్మేవాళ్లు బండి స్టార్ట్ చేసి తుడిచి సిద్ధంగా ఉంచారు. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి తీసేశారు. "ఆపెయ్యండి. చల్లారాక చూద్దాం" అన్నారు. ఎదురుగా ఇరానీ హోటల్లో మూడు గంటలు కూర్చున్నాం.

టర్బో బండి చల్లగా ఉన్నప్పుడే నిజం చెబుతుంది. ముందు ఆయిలు మూత తీసి లోపలి వైపు వేలు పెట్టి చూశారు. పల్చటి గోధుమ రంగు పొర ఉంటే పర్లేదు, నల్లటి జిగురు ఉంటే పాత ఓనరు ఆయిలు సరిగా మార్చలేదని అర్థం. దీనికి జిగురు లేదు గానీ ముదురు రంగుంది. "కొంచెం అనుమానం" అన్నారు. ఆ అనుమానం తర్వాత నిజమైంది.

తర్వాత ఎయిర్ ఫిల్టరు వైపు హోసు విప్పి టర్బో నోట్లో రెండు వేళ్లు పెట్టారు. లోపల చిన్న అల్యూమినియం ఫ్యాను, దాని మధ్య చిటికెన వేలి గోరంత నట్టు. ఆ నట్టుని పట్టుకుని పక్కలకి కదిపితే కొంచెం ఆడాలి. బేరింగు ఆయిలు పొర మీద తేలుతుంది, ఆ పొరకి సందు కావాలి, ఇంజను ఆగి ఆయిలు లేనప్పుడు ఆ సందు చేతికి తెలుస్తుంది. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం అస్సలు కదలకూడదు. ఫ్యాను రెక్కల చివర్లు చుట్టూ ఉన్న గోడకి రాసుకున్న గీతలుంటే ఇంక బేరం వద్దు. గీతలు లేవు. ఆయన వేళ్లు బయటికి తీసి ఆయిలు ఎంత అంటిందో వెలుగులో చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నారు.

స్టార్ట్ చేసి నాలుగు నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి, అప్పుడు ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కమన్నారు. ఐడిల్‌లో ఉన్నంతసేపూ టర్బో సీలు కారితే ఆ ఆయిలంతా పోగై, తొక్కగానే నీలం పొగ మేఘంలా వస్తుంది. రాలేదు. అన్నయ్య నా వైపు చూశాడు. కాగితాలు రాసుకోవడానికి కూర్చున్నాం. బండి పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30, పాత ఫైనాన్సు తీరినట్టు ఫారం 35. ఉమ్మడి రాష్ట్రం కాబట్టి, వేరే రాష్ట్రానికి బండి మార్చేటప్పుడు తెచ్చుకునే ఎన్‌వోసీ బెడద లేదు. ఏపీ 09 నంబరు బండి ఏపీ 16 ఊళ్లోకి వచ్చింది.

*

సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటుకుంటూ రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటి ముందుకి వచ్చాం. అన్నయ్య తాళం తిప్పబోతుంటే మేస్త్రీ గారు చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క నిమిషం ఉండనీ."

టర్బోలో జరిగేది ఇది. సైలెన్సరులోకి పోయే పొగ దారిలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో వైపున్న చక్రం గాలిని పీల్చి, అదిమి ఇంజనులోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. పొగ వైపు చక్రం గట్టిగా తొక్కినప్పుడు ఎర్రగా కాలుతుంది. మధ్యలో బేరింగుని కాపాడేది ఇంజను నుంచి వచ్చే ఆయిలు ధార ఒక్కటే. తాళం తీయగానే ధార ఆగుతుంది, ఎర్రటి వేడి మాత్రం అక్కడే ఉంటుంది. బేరింగులో మిగిలిన రెండు మూడు చుక్కలూ మాడి బొగ్గయిపోతాయి. అట్ల పెనం మీద నూనె మాడినట్టే. రోజుకొక పొర. ఏడాది తిరిగేసరికి ఆయిలు దారి సన్నబడుతుంది, ఆ తర్వాత బేరింగు. మా ఇంజనుకి టర్బో చుట్టూ నీళ్ల దారి కూడా ఉంది, కాబట్టి ఒకటి రెండుసార్లు మర్చిపోతే ప్రాణం పోదు. అలవాటుగా మర్చిపోతే పోతుంది.

ఇదంతా ఆయన లారీల మీద నేర్చుకున్నారు. లారీలకి టర్బోలు వచ్చిన కొత్తలో ధాబా ముందు ఎగదోసుకొచ్చి టక్కున ఆపే డ్రైవర్లు ఏడాదికో టర్బో తినేసేవారట. చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే ఆ నిమిషం కూడా అక్కర్లేదని కొన్నాళ్లకి మాకే అర్థమైంది. రామవరప్పాడు రింగు నుంచి పటమట దాకా ట్రాఫిక్కే ఆ పని చేసిపెట్టేది. అయినా నిమిషం మానలేదు. ఇప్పటి బళ్లలో చాలావాటికి ఆపాక కూడా నీళ్లు తిప్పే కరెంటు పంపు ఉంటుంది, ఆ పని అదే చూసుకుంటుంది.

ఆ నిమిషంలో వినపడేవి ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. రేడియేటరు ఫ్యాను రొద. పక్కింటి టీవీలో సీరియల్ పాట. బెంజి సర్కిల్ వైపు నుంచి లారీల హారన్లు. అప్పటికి అక్కడ ఫ్లైవోవరు లేదు, రాత్రి పదింటికి కూడా మద్రాసు లారీలూ బందరు బస్సులూ అక్కడే చిక్కుపడేవి. ఆపేశాక సైలెన్సరు రేకు చల్లబడుతూ టిక్, టిక్ మంటూ పది నిమిషాలు చప్పుడు చేసేది. అమ్మ లోపలి నుంచి "వచ్చారా" అనేది ఆ టిక్‌టిక్ విని.

*

ఆయిలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ బండి ఉంచుకోవడం అంటే సగం ఆయిలే.

నాలుగున్నర లీటర్లు పడుతుంది. 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ తప్ప వేరేది పొయ్యకూడదు. అప్పట్లో ఫిల్టరుతో కలిపి మూడు వేల పైమాట. పాత ఓనరు మామూలు 20డబ్ల్యూ-50 పోయించి, పదిహేను వేల కిలోమీటర్లు లాగించాడని మాకు తెలిసింది కాజ టోల్‌గేటు దగ్గర. గుంటూరు నుంచి వస్తున్నాం, టోలు కట్టి కదిలామో లేదో ఎర్ర దీపం వెలిగి మూడుసార్లు పీక్ పీక్ మంది. ఆయిలు ప్రెషరు దీపం. ఆ రోజు నిమిషం సూత్రం పనికిరాదు. ఆ దీపం వెలిగితే ఉన్నచోటే తక్షణం ఆపెయ్యాలి, 'ఇంకెంత, మంగళగిరి దాకా పోదాం' అనుకుంటే అక్కడికి ఇంజను రాదు. ఆపాం. తాడు కట్టి లాగించుకొచ్చాం.

డిప్‌స్టిక్ మీద ఆయిలు నిండుగానే ఉంది. అంటే ఆయిలు ఉంది, పంపుకి అందడంలేదు. ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టి, అదే ఛాంబరు, దించాలి. చుట్టూ బోల్టులు సులువుగానే వస్తాయి, గేర్‌బాక్సు వైపు లోపలికి ఉన్న రెండే ఏడిపిస్తాయి. వాటికి పొడుగాటి అలెన్ కీ, కింద పడుకుని చేతి స్పర్శతో పట్టే ఓపిక కావాలి. బోల్టులన్నీ తీసినా ఛాంబరు రాదు, గ్యాస్కెట్ బదులు సిలికాన్ అంటించి ఉంటుంది. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే అల్యూమినియం అంచు గాటుపడి జీవితాంతం కారుతుంది. మేస్త్రీ గారు పెయింటర్లు వాడే పల్చటి పట్టీ బ్లేడుని చుట్టూ మెల్లగా నడిపించి ఊడదీశారు.

లోపల ఆయిలు పీల్చే గొట్టం, దాని మూతికి జల్లెడ. ఆ జల్లెడ కళ్లు మూడొంతులు మూసుకుపోయి ఉన్నాయి. నల్లటి పలుకులు, అడుగంటిన చింతపండు పులుసులా. ఆయన ఒక పలుకుని బొటనవేలితో నలిపి చూపించారు, చిన్న బొగ్గు ముక్కలా పొడైంది. "ఇది టర్బోలో మాడిన ఆయిలేరా. ఒక్కో చుక్కా ఇక్కడికే వచ్చి చేరింది" అన్నారు. అంతవరకూ ఆ నిమిషం మాకు ఒక ఆచారం. ఆ రోజు కళ్లతో చూశాం.

గొట్టం కొత్తది వేశాం, దాని రబ్బరు రింగుతో సహా. రింగు పాతదైతే పంపు ఆయిలుతో పాటు గాలి పీలుస్తుంది, దీపం మళ్లీ వెలుగుతుంది. సిలికాన్ రెండు మూడు మిల్లీమీటర్ల తీగలా ఒకటే పూత వెయ్యాలి. మందంగా రాస్తే బోల్టు బిగించినప్పుడు లోపలికి పిండుకుని, ఆ ముక్కలే రాలి మళ్లీ అదే జల్లెడకి అడ్డం పడతాయి. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున ఆయిలు పోశాం. ఇంజను కడిగే ఫ్లష్ మందు వాడదామా అని అన్నయ్య అడిగితే ఆయన ఒప్పుకోలేదు. అది మడ్డినంతా ఒకేసారి వదిలిస్తుంది, అది పోయి ఏ సన్న దారిలో అడ్డం పడుతుందో చెప్పలేం. బదులుగా వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి, తర్వాత మూడు వేలకి ఒకసారి ఆయిలు మార్చాం. ఆపైన ఏడున్నర వేలకి తప్పకుండా. తర్వాత ఆ దీపం మళ్లీ వెలగలేదు.

*

మే నెలలో మాత్రం బండికి నీరసం. బెజవాడ ఎండ నలభై అయిదు దాటితే టర్బో పీల్చేదే వేడిగాలి, అదిమాక ఇంకా వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలరు ఈ బండికి ముందు బంపరు మూలలో, చక్రం ముందు దాక్కుని ఉంటుంది. పైగా అప్పట్లో బంకుల్లో దొరికిన మామూలు పెట్రోలు 91 ఆక్టేను, ఈ ఇంజను కోరేది 95. ఆక్టేను తక్కువై, గాలి వేడైతే స్పార్కు మంట అందకముందే పెట్రోలు తనంతట తనే భగ్గుమనబోతుంది. నాక్ సెన్సరు అది పసిగట్టి స్పార్కుని ఆలస్యం చేస్తుంది. ఇంజను బతుకుతుంది, బలం తగ్గుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసుకుని బందరు రోడ్డులో పోతే ఇది టర్బో బండేనా అనిపించేది. అప్పుడు తొక్కి ప్రయోజనం లేదు, తొక్కకూడదు కూడా.

గుంటూరు వైపు ఎక్కువ తిరిగితే ఇంకోటి. పత్తి లోడు లారీల వెనక పోయిన ప్రతిసారీ దూది పోగులు ఎగిరొచ్చి రేడియేటరుకీ ఇంటర్‌కూలరుకీ దుప్పటిలా అంటుకునేవి. బంపరు విప్పి, ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే దూది ఇంకా లోపలికి పోతుంది. ప్రెషరు వాషరు దగ్గర పెడితే ఆ పల్చటి రేకులు వాలిపోతాయి, మామూలు తోట పైపు చాలు. సీజనులో నెలకోసారి ఈ సేవ ఉండేది.

డిసెంబరు తెల్లవారుజాములు వేరు. అయిదింటికి ప్రకాశం బ్యారేజీ మీద మంచు, కింద కృష్ణ కనపడదు. ఉండవల్లి దాటి హైవే ఎక్కాక, గాలి చల్లగా చిక్కగా ఉన్నప్పుడు నాలుగో గేరులో కాలు కొంచెం ఆనిస్తే చాలు. ముందు ఏమీ జరగదు. ఒక క్షణం. తర్వాత వీపు సీటుకి అతుక్కుంటుంది. పక్కన చెరుకు లోడు లారీ ఉన్నట్టుండి వెనక్కి పోతుంది. కాలు తీయగానే బానెట్ కింద నుంచి 'ఉస్స్' అని ఒక నిట్టూర్పు. అదిమిన గాలి మళ్లీ టర్బో ముందుకి తిరిగిపోయే చప్పుడు అది. గుంటూరు దగ్గరయ్యేసరికి మిర్చి ఘాటు ఏసీ లోంచి వచ్చి ఇద్దరం తుమ్మేవాళ్లం. శంకర్ విలాస్ దగ్గర కాఫీ తాగి, ఎండెక్కే లోపు వెనక్కి. నెల ఖర్చులో ఆ గంటన్నరకి అయ్యే ఆరేడు వందలు ముందే విడిగా తీసి పెట్టేవాళ్లం.

*

ఒక చలికాలం ఆ తోపు రాలేదు. పైగా నల్ల పొగ, మైలేజీ ఆరు. బండి కంప్యూటరుని చదవడానికి చెన్నై రిచీ స్ట్రీటు నుంచి తెప్పించిన కేబులు ల్యాప్‌టాప్‌కి తగిలించి, టర్బో ప్రెషరు చూపించే 115 నంబరు బ్లాకు చూస్తూ అన్నయ్య నడిపాడు, నేను అంకెలు రాసుకున్నాను. ఇంజను అడిగే ప్రెషరు 1,600 మిల్లీబార్లు, వస్తున్నది 1,250. అందరూ టర్బో పోయిందన్నారు, ఒకరైతే పాత టర్బోకి బేరం కూడా పెట్టారు. అడిగినంత రాకపోతే ముందు అనుమానించాల్సింది టర్బోని కాదు, రబ్బరు హోసుల్ని. సెన్సరు ముందుగానే లెక్కపెట్టేసిన గాలి మధ్యలో లీకైపోతే, ఆ గాలికి సరిపడా పెట్రోలు మాత్రం పడుతూనే ఉంటుంది. నల్ల పొగ అందుకే. తగ్గిన ప్రెషరుని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరిగి, అప్పుడు నిజంగానే పోతుంది.

మేస్త్రీ గారు ప్లంబింగ్ షాపు నుంచి పీవీసీ ఎండ్ క్యాపు తెప్పించారు. ఎయిర్ ఫిల్టరు హోసు నోట్లో బిగుతుగా దూరే సైజు. మధ్యలో పదకొండున్నర మిల్లీమీటర్ల బెజ్జం వేసి, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు లాగి కూర్చోబెట్టారు. క్యాపు హోసులో పెట్టి క్లాంపు బిగించి, ఇంజను నుంచి వచ్చే బ్రీదర్ పైపుని నొక్కి మూసి, పంక్చరు షాపు గొట్టంతో గాలి కొట్టారు. బ్రీదరు మూయకపోతే గాలి అంతా ఇంజను కిందికి పోయి క్రాంకు సీళ్లు తన్నేస్తుంది. అందుకే పది పీఎస్‌ఐ దాటకూడదు. కొంత గాలి ఇంజను వాల్వుల గుండా ఎలాగూ పోతుంది, ఆ చప్పుడు విని కంగారు పడొద్దు, క్రాంకుని కొంచెం తిప్పితే తగ్గుతుంది.

షాంపూ నీళ్లు పెయింటు బ్రష్షుతో ఒక్కో జాయింటుకీ పూసుకుంటూ పోయారు. పైన ఎక్కడా లేదు. త్రోటిల్ కిందికి వంగే హోసు అడుగున, కంటికి కనపడని చోట, చిన్న అద్దం పెట్టి చూస్తే తెల్లటి నురగ గుత్తి ఉబికి వస్తోంది. ఆయిలు ఆవిరికి రబ్బరు మెత్తబడి, పాత క్లాంపు అంచు దాన్ని కోసింది. అంగుళం చీలిక. హోసు, రెండు వెడల్పు క్లాంపులు, మొత్తం పద్దెనిమిది వందలు. సాయంత్రం కరకట్ట మీదికి తీసుకెళ్తే 1,600 అడిగితే 1,590 వచ్చింది. మేస్త్రీ గారు వెనక సీట్లో కూర్చుని ఆ ఉస్స్ విని తల పంకించారు.

*

రాష్ట్రం విడిపోయిన ఏడాది అమ్మేశాం. అన్నయ్యకి పెళ్లయింది. పెట్రోలు డెబ్భై దాటి చాలా రోజులైంది. నరసరావుపేట కుర్రాడొకడు రెండు లక్షల డెబ్భై అయిదు వేలకి కొన్నాడు. రెండు వందల పేజీల నోటుబుక్కు ఇచ్చాం, ప్రతి ఆయిలు మార్పూ, బెల్టు బిల్లూ, హోసు కొలతా అందులో రాసి ఉన్నాయి. ఆపే ముందు నిమిషం సంగతి రెండుసార్లు చెప్పాం. వాడు బండి తిప్పుకుని వెళ్లిపోయాక వీధిలో ఆయిలు మరక ఒకటి కూడా లేదని నాన్నగారు అన్నారు. అది ఆయన ఇచ్చిన మెప్పు.

ఎండ్ క్యాపు మాత్రం ఇవ్వడం మర్చిపోయాం. అటక మీద దొరికింది, పాత హెల్మెట్‌లో. తెల్ల పీవీసీ పసుపెక్కింది. దాని మీద నల్ల పెయింటుతో మేస్త్రీ గారు రాసిన '10' అలాగే ఉంది, సున్నా కొంచెం పక్కకి ఒరిగి. వాల్వు రబ్బరు ఎండి పగిలింది. కొత్త వాల్వు వేస్తే పనిచేస్తుంది. రేపు ఆటోనగర్ వెళ్లి వాళ్లబ్బాయికి ఇచ్చి వస్తాను.